ఆసుపత్రి చూడకముందే కార్డు తీసుకోండి

గోదావరి నడుమ ఉన్న మా లంక ఊళ్లో 70 ఏళ్లు దాటినవారికి ఆరోగ్య బీమా కార్డులు ఇస్తామంటూ గ్రామ సచివాలయం అరుగు మీద బల్ల వేశారు. 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన వెసులుబాటు ఇది. ఆదాయంతో నిమిత్తం లేదు, కట్టవలసిన ప్రీమియం లేదు, ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం. ఇంత చెప్పినా మధ్యాహ్నానికి బల్ల దగ్గరికి చేరింది నలుగురు. వారిలో ఇద్దరు నీడ కోసం వచ్చినవారు.

జనంలో అవగాహన లేదని అధికారులు నిట్టూర్చారు. నేను సవినయంగా విభేదిస్తున్నాను. అవగాహన మోతాదు మించడమే అసలు జబ్బు.

నిరుడు మా పెద్దమ్మకు కాలు విరిగితే తెల్లకార్డు మీద పట్నంలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. కాలు చక్కగా అతుక్కుంది. ఇప్పుడు పెరట్లో కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతోంది. అయితే ఆవిడ కాలు సంగతి ఎవరికీ చెప్పదు. చెప్పేది వేలు సంగతి. ఆ ఆసుపత్రిలో బల్ల వెనక కూర్చున్నాయన తల ఎత్తకుండానే “డబ్బు కట్టేవాళ్లా, కార్డువాళ్లా?” అన్నాడు. కార్డు అనగానే మాట కూడా ఖర్చు పెట్టకుండా వేలితో వరండా చివరి బెంచీ చూపించాడు. ఆ వేలు సంగతి మర్నాడే ఏరు దాటించే పంటు ఎక్కింది. వారం తిరగకుండా మూడు లంకలు దాటింది. అన్నం పెట్టి “ఇంకొంచెం వేయమంటారా” అని మూడుసార్లు అడగకపోతే దాన్ని భోజనమే అనని జిల్లా ఇది. ఇక్కడ మనిషి బీమా పత్రం చదవడు, ఆసుపత్రికి వెళ్లొచ్చిన చుట్టం మొహం చదువుతాడు.

మా ఊరి ఆర్ఎంపీని చూడండి. ఆయనకు ఏ పథకంతోనూ సంబంధం లేదు. సెలైను సీసాలో పసుపురంగు మందు కలిపి, మంచం పట్టె మీద కూర్చుని, కొబ్బరికాయ ధర ఎంత పలికిందో అడుగుతాడు. పసుపురంగుకు సగం జ్వరం, పలకరింపుకు మిగతా సగం తగ్గుతుందని ఊరి నమ్మకం. ఆ వైద్యం ఎంత శాస్త్రీయమో నాకు తెలుసు, ఊరికీ కొంత తెలుసు. అయినా ఆయన దగ్గర నమోదు నూటికి నూరు శాతం, అదీ రొక్కం ఇచ్చి.

పేరు మారిస్తే నమ్మకం కలుగుతుందేమోనన్న ప్రయోగమూ జరిగింది. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం 2007లో ఆరోగ్యశ్రీ, ఆపైన వైద్యసేవ, మళ్లీ ఆరోగ్యశ్రీ, మళ్లీ వైద్యసేవ. వరండా చివరి బెంచీ మాత్రం ఏ ప్రభుత్వంలోనూ పేరు మార్చుకోలేదు.

ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక, కాలువ నీళ్లు వాడుకోండి బాబూ అని ఊరూరా సదస్సులు పెట్టినట్లు మా తాతలెవరూ చెప్పలేదు. పొలంలోకి నీరు వచ్చింది, రైతు గట్టు వేసుకున్నాడు. అంత మొరటు పద్ధతి ఈ కాలానికి నప్పదు కనుక నా సూచన వేరు. నమోదు శిబిరం నడిచే పది రోజులూ పంటు ఆపేయాలి. ఆసుపత్రి నుంచి వచ్చినవారిని అవతలి ఒడ్డునే ఉంచి, కాఫీ, పూతరేకులు ఇచ్చి, శిబిరం ముగిశాకే ఇళ్లకు పంపాలి. బెంచీ బాగుచేయడంకన్నా ఇదే చవక.

చివరికి నా మాట కాదనలేక పెద్దమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. యంత్రం మీద వేలు పెట్టమన్నాడు కుర్రాడు. ఈనెలు చీరి చీరి గీతలు అరిగిపోయాయేమో, ముద్ర పడలేదు. ఇంకో వేలు పెట్టమన్నాడు.

“ఏ వేలు నాయనా?” అంది పెద్దమ్మ. “బెంచీ చూపించే వేలైతే నా దగ్గర లేదు, పట్నంలో ఉంది.”