వంద చుక్కల రక్తం లెక్క

అనంతపురంలో నాకో మెడికల్ షాపు ఉంది. 'పెళ్లైన మగవాడు తెలుసుకోవాల్సిన నాలుగు నిజాలు' అనే మెసేజ్ ఈ నెలలో ఆరేడు గ్రూపుల్లో కనబడింది. ఒకటి మా బంధువుల గ్రూపే. ఒక చుక్క వీర్యం వంద చుక్కల రక్తంతో సమానమట. తొలిరాత్రి రక్తం కనబడకపోతే పిల్ల కన్నె కాదట. భార్య వద్దనకూడదట. మగవాడన్నాక ఎప్పుడంటే అప్పుడు సిద్ధంగా ఉండాలట. నాలుగూ తప్పే.

మొదటిది లెక్క వేసి చూద్దాం. ఒకసారి వచ్చే వీర్యం సుమారు 3 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 20 చుక్కల చొప్పున 60 చుక్కలు. వందతో హెచ్చవేస్తే 6,000 చుక్కలు, అంటే 300 మిల్లీలీటర్ల రక్తం. రక్తదానంలో తీసే సంచి 350. ఈ లెక్కన కొత్త పెళ్లికొడుకు వారం తిరక్కుండానే ఆసుపత్రిలో చేరాలి! రక్తకణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. వీర్యంలో ఎక్కువ భాగం శుక్రకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి ఊరించే ద్రవం. రక్తం కరిగి వీర్యం అవడమనేది ఒంట్లో ఎక్కడా జరగదు.

అయినా 'ధాతువు పోతోంది' అని వచ్చేవాళ్లు తగ్గరు. జనం వెళ్లేదాకా గోడమీది బోర్డు చదువుతున్నట్టు నిలబడతారు, తర్వాత గొంతు తగ్గించి అడుగుతారు. మంట, చీము ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. అవేమీ లేకపోతే చాలామందిని పీల్చేది ఆ దిగులే. నెలకోసారి లాడ్జిలో దిగే 'స్పెషలిస్టులు' బతికేది కూడా దానిమీదే. శృంగార శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలు 1954 చట్టం ప్రకారమే నిషిద్ధం. బస్టాండు గోడలకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

రెండోదానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. కన్నెపొర అందరికీ ఒకేలా ఉండదు, సాగుతుంది. చాలామందికి మొదటిసారి రక్తం రాదు. వస్తే అది తొందరపాటు వల్ల గీరుకున్నదీ కావచ్చు. కన్యత్వ పరీక్షకు శాస్త్రీయ ఆధారమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తేల్చి చెప్పింది.

మూడోదానికి కొందరు చట్టాన్ని అడ్డం పెట్టుకుంటారు. కాపురం చేస్తున్న, 18 నిండిన భార్యను భర్త బలవంతం చేస్తే అత్యాచారం కాదనే మినహాయింపు, 2024 జూలైలో వచ్చిన కొత్త న్యాయ సంహితలోనూ ఉంది, నిజమే. కానీ 2005 గృహహింస చట్టం లైంగిక హింసను కూడా హింసగానే చూస్తుంది. చట్టం అటుంచండి. పొద్దంతా చెనిక్కాయ పీకి వచ్చిన మనిషి 'ఈరోజు వద్దు' అంటే అది ఒళ్లు చెప్పే మాట. ఇష్టం లేనప్పుడు తడి ఉండదు, కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి పుడుతుంది. మరుసటిసారి ఆ నొప్పి గుర్తొచ్చి ఇంకా బిగుసుకుంటాయి. ఆ నొప్పికి మాత్ర అడిగే ఆడవాళ్లు నేనున్నప్పుడు రారు, మా ఆవిడ కౌంటర్లో ఉన్నప్పుడు వస్తారు.

ఇక నాలుగోది. మొన్న షాపు మూసే వేళకు ఒక కుర్రవాడు వచ్చాడు. పెళ్లై ఇరవై రోజులట. అంగం గట్టిపడ్డానికి వేసుకునే సిల్డెనాఫిల్ మాత్ర కావాలన్నాడు. చీటీ లేనిదే ఇవ్వనన్నాను. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అది వేసుకుంటే బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది. అదే యాభై ఏళ్ల మనిషి అడిగితే ముందు షుగరు, గుండె చూపించుకోమంటాను. అంగం పట్టు తగ్గడం ఒక్కోసారి ఆ జబ్బులకు తొలి గుర్తు. ఈ అబ్బాయికి పలచని తలుపు అవతలే అమ్మానాయన పడుకుంటారు, జేబులో ఈ మెసేజ్. టెన్షన్లో ఒళ్లు మాట వినకపోవడం ఎవరికైనా జరిగేదే.

"ఆ యమ్మితో మాట్లాడితివా అబ్బీ?" అన్నాను.

"ఏం మాట్లాడల్లన్నా?"

"నీకు భయంగా ఉందని."

కౌంటర్ అద్దం మీద వేలితో గీతలు గీస్తూ కాసేపు నిలబడ్డాడు.

"ఆ యమ్మికీ భయమే ఉన్నట్టుందన్నా" అని బండి తీశాడు.