ముప్పై ఎనిమిదేళ్లు ఆలస్యమైన మందు

డ్రావె సిండ్రోమ్ అనే జబ్బు ఉంది. బిడ్డకు ఏడాది నిండకముందే, చాలాసార్లు జ్వరంతో పాటే, మొదటి ఫిట్ వస్తుంది. ఇక అక్కడి నుంచి వస్తూనే ఉంటాయి. కొయ్యలా బిగుసుకుపోయిన బిడ్డను పక్కకు ఒత్తిగిల్లి పడుకోబెట్టి, తల్లి ఒక కన్ను బిడ్డ మీద, ఇంకో కన్ను గడియారం మీద పెట్టుకుని కూర్చుంటుంది. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి. రెండు మూడు మందులు కలిపి వాడినా చాలామంది పిల్లల్లో ఈ ఫిట్స్ అదుపులోకి రావు. అలాంటి 120 మంది పిల్లలు, యువతీయువకులతో జరిపిన ఒక ట్రయల్ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. గంజాయి మొక్క నుంచి శుద్ధి చేసి తీసిన సీబీడీ అనే పదార్థం తీసుకున్నవారిలో నెలకు వచ్చే పెద్ద ఫిట్స్ మధ్యస్థ సంఖ్య 12.4 నుంచి 5.9కి తగ్గింది. మందు లేని ద్రావణం, అంటే ప్లాసిబో, తీసుకున్నవారిలో అది 14.9 నుంచి 14.1కి మాత్రమే వచ్చింది. మరుసటి ఏడాది, 2018 జూన్‌లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎపిడయోలెక్స్ పేరుతో ఈ మందుకు అనుమతి ఇచ్చింది.

సంతోషించాల్సిన విషయమే. కానీ మాకు బాధ కలిగించే సంగతి ఒకటి దీని వెనకాల ఉంది. సీబీడీ ఫిట్స్‌ను తగ్గించగలదన్న ఆధారం 2017లో కొత్తగా పుట్టింది కాదు. 1980లోనే బ్రెజిల్‌లో డాక్టర్ ఎలిసాల్డో కార్లీనీ బృందం, మామూలు మందులకు లొంగని మూర్ఛ ఉన్న రోగులపై దీన్ని పరీక్షించింది. సీబీడీ తీసుకున్న ఎనిమిది మందిలో నలుగురికి ఫిట్స్ దాదాపుగా ఆగిపోయాయి, ముగ్గురికి కొంత మేర తగ్గాయి, ఒక్కరికి మాత్రం పని చేయలేదు. ట్రయల్ చాలా చిన్నది, నిజమే. అంత చిన్న ట్రయల్‌ను పట్టుకుని మందు అమ్మకూడదు. కానీ అంత మంచి సూచన కనిపించాక పెద్ద ట్రయల్ వెంటనే జరగాలి కదా. ఒకటి రెండు చిన్న ప్రయత్నాలు తప్ప దశాబ్దాల పాటు ఎవరూ ఆ దారిన గట్టిగా అడుగు వేయలేదు. ముప్పై ఎనిమిదేళ్లు! గడియారం చూస్తూ కూర్చున్న తల్లుల్లో ఒక తరం దాటిపోయింది.

ఈ ఆలస్యానికి పెద్ద కారణం గంజాయి అన్న పేరు. ‘గంజాయి మందా, మత్తా?’ అని అడగడం మొదలుపెట్టిన చోటే మనం దారి తప్పుతున్నామని మా అభిప్రాయం. ఆ మొక్కలో కన్నబినాయిడ్లు అనే రసాయనాలు వందకు పైగా ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే గాటన కట్టి మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడం కుదరదు. అందరికీ తెలిసిన రెండింటినే తీసుకుందాం. మత్తెక్కించేది టీహెచ్‌సీ, మత్తు ఎక్కించనిది సీబీడీ. రెండింటిలోనూ ఉన్నవి సరిగ్గా అవే పరమాణువులు, అదే లెక్కలో: కార్బన్ 21, హైడ్రోజన్ 30, ఆక్సిజన్ 2. తేడా అల్లా ఒక వలయం దగ్గరే. టీహెచ్‌సీలో అది మూసుకుని ఉంటుంది, సీబీడీలో తెరుచుకుని ఉంటుంది. అంత చిన్న మార్పుతో ఒకటి మెదడులో తాళంచెవిలా ఇమిడి కూర్చుంటే, ఇంకొకటి ఆ తాళాన్ని దాదాపుగా పట్టించుకోదు.

ఆ తాళం ఏమిటో తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది. 1960ల మొదట్లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త రాఫెల్ మెషూలమ్, పోలీసులు పట్టుకున్న గంజాయి బంక, అంటే హషీష్‌లో అయిదు కిలోలు అడిగి తెచ్చుకున్నారు. బస్సులోనే తన ల్యాబ్‌కు మోసుకెళ్లారు. ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందా అని తోటి ప్రయాణికులు అనుకున్నారట. ఆ మూటలోంచే, యెహియెల్ గావోనితో కలిసి, 1964లో టీహెచ్‌సీని విడదీసి దాని నిర్మాణం తేల్చారు. అది మెదడులో అతుక్కునే గ్రాహకం, అంటే ఆ తాళం, ఉందని 1988లో ఆలిన్ హౌలెట్, విలియం డివేన్ చూపించారు. మన శరీరంలో ఆ గ్రాహకం ఎందుకున్నట్టు? ఎక్కడో పెరిగే మొక్క కోసం కాదు గదా. అంటే శరీరమే అలాంటి పదార్థాన్ని ఏదో తయారు చేసుకుంటూ ఉండాలి. 1992లో మెషూలమ్ బృందం దాన్ని పట్టుకుంది. ‘ఆనందం’ అన్న సంస్కృత పదం మీదుగా దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టింది.

ఈ వ్యవస్థ పని చేసే తీరు తెలిస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. మామూలుగా ఒక నాడీకణం సంకేతం పంపుతుంది, పక్క కణం అందుకుంటుంది. ఇక్కడ అందుకున్న కణమే ‘చాలు, ఇక ఆపు’ అని వెనక్కి కబురు పంపుతుంది. అంటే ఇది ఒక బ్రేకు. ఆకలి, నొప్పి, జ్ఞాపకం, భయం, వాంతి, కండరాల కదలిక, వీటన్నిటి దగ్గరా ఈ బ్రేకు ఉంది. శ్వాసను నడిపే మెదడు కాండంలో మాత్రం ఈ గ్రాహకాలు చాలా తక్కువ. నల్లమందు జాతి మందులు మోతాదు మించితే ఊపిరి ఆగిపోయినట్టు టీహెచ్‌సీతో జరగకపోవడానికి ఇదే కారణమని భావిస్తున్నారు. అలాగని ఆ బ్రేకుతో ఇష్టమొచ్చినట్టు ఆడుకోవచ్చని కాదు. ఇదే గ్రాహకాన్ని మూసేసి ఆకలి తగ్గించే రిమోనాబాంట్ అనే మందుకు 2006లో యూరప్‌లో అనుమతి వచ్చింది. బరువు తగ్గింది, కానీ కొందరిలో డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు మొదలయ్యాయి. 2008లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది.

మరి రుజువులు ఎక్కడ గట్టిగా ఉన్నాయి? సీబీడీ విషయంలో అరుదైన, మొండి మూర్ఛ జబ్బుల్లో. కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులకు, మామూలు మందులు పని చేయనప్పుడు, ల్యాబ్‌లో తయారు చేసిన టీహెచ్‌సీకి 1985లోనే అమెరికాలో అనుమతి ఉంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీ జబ్బు ఉన్న రోగుల్లో కండరాలు బిగుసుకుపోయే బాధకు టీహెచ్‌సీ, సీబీడీ రెండూ కలిపిన నోటి స్ప్రేను బ్రిటన్‌తో సహా పలు దేశాలు అనుమతించాయి. దీర్ఘకాలిక నొప్పి దగ్గరకు వచ్చేసరికి నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అమెరికా జాతీయ అకాడమీల 2017 నివేదిక గణనీయమైన ఆధారాలు ఉన్నాయంటే, అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో తాము సమర్థించలేమని చెప్పింది. ఈ ట్రయల్స్‌లో ప్లాసిబో తీసుకున్నవారికీ నొప్పి బాగానే తగ్గుతోంది. ఎంతో ఆశతో వచ్చిన రోగికి ఆ ఆశ కూడా కొంత పని చేస్తుంది. ఇక క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న మాట గాజు పళ్లెంలో కణాల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. మనుషుల్లో అది రుజువు కాలేదు. ఆ మాట నమ్మి నడుస్తున్న చికిత్స మానేస్తే ప్రాణానికే ముప్పు. ఈ విషయంలో మేము మొహమాటం లేకుండా చెప్పదలచుకున్నాం.

హాని సంగతీ అంతే సూటిగా చెప్పాలి. టీహెచ్‌సీ ఎక్కువగా ఉండే గంజాయిని రోజూ వాడేవారిలో సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు) ముప్పు పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. మెదడు ఇంకా ఎదుగుతున్న టీనేజ్ వయసులో మరింత జాగ్రత్త కావాలి. వాంతులు ఆపే ఇదే పదార్థం, ఏళ్ల తరబడి ఎక్కువగా వాడిన కొందరిలో ఆగని వాంతులు తెప్పిస్తుంది. మత్తు లేదు కదా అని సీబీడీని మంచినీళ్లలా తీసుకోవడమూ తప్పే. అది కాలేయం మీద భారం వేయగలదు. మూర్ఛకు వాడే క్లోబజామ్‌తో కలిస్తే, ఆ మందు నుంచి శరీరంలో తయారయ్యే పదార్థం రక్తంలో బాగా పెరిగి బిడ్డ మగతలోకి జారుతుంది. వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు కూడా వాడుతుంటే కాలేయ పరీక్షలు తరచూ చేయించాలి.

ఒకవైపు పరిశోధన నత్తనడక నడుస్తుంటే, ఇంకోవైపు చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకునే వ్యాపారం పరుగులు తీసింది. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను అమెరికా పరిశోధకులు పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. లేబుల్ మీద రాసిన మోతాదు సరిగ్గా ఉన్నవి 31 శాతమే. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ కూడా బయటపడింది. మత్తు లేదనుకుని పసిబిడ్డ నోట్లో వేసే నూనెలో మత్తు ఉండటమంటే ఏమిటో ఆలోచించండి.

2020 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్ల తేడాతో గంజాయిని అత్యంత కఠినమైన నాలుగో షెడ్యూల్ నుంచి తప్పించింది. వైద్య ప్రయోజనం ఉండవచ్చని ఒప్పుకోవడమే అది. మొదటి షెడ్యూల్ నియంత్రణ మాత్రం అలాగే ఉంది, ఉండాలి కూడా. కానీ పరిశోధకుడికి ప్రమాణబద్ధమైన నమూనా దొరకడానికే ఏళ్లు పట్టే పరిస్థితి మారాలి. ప్రకృతిలో దొరికే పదార్థానికి గట్టి పేటెంట్ దొరకదు కాబట్టి కంపెనీలు పెద్ద ట్రయల్స్‌కు వెనకాడతాయి. ఆ ఖర్చు ప్రభుత్వాలు భరించాలి. ఫలితం బాగున్నా బాగోలేకపోయినా బయటపెట్టాలి. మందని చెప్పి అమ్మే ప్రతి సీసాకూ మిగతా మందులకున్న పరీక్షలే ఉండాలి.

అప్పటిదాకా తల్లిదండ్రులకు ఒక లెక్క చెప్పాలి. 2017 ట్రయల్‌లో ఇచ్చిన మోతాదు రోజుకు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. ఇరవై కిలోల బిడ్డకు రోజుకు 400 మిల్లీగ్రాములన్నమాట. ఆన్‌లైన్‌లో అమ్మే కొన్ని చిన్న సీసాల్లో, సీసా మొత్తం కలిపినా అంత ఉండదు. అయినా ఇప్పటికే ఆ నూనె ఇంట్లో ఉంటే, బిడ్డకు వేస్తూ ఉంటే, ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ సీసాను కూడా తీసుకెళ్లండి. డాక్టర్లూ ఆ సీసాను చూసి కసురుకోకుండా, ఎంత వేస్తున్నారు, ఎప్పటి నుంచి వేస్తున్నారు, పక్కన ఏ మందులు వాడుతున్నారు అని అడిగి రాసుకోవాలి.