ఆది నిక్కరు

మా అనంతపురంలో ఆడోళ్ళు జాకెట్టు కుట్టియ్యాలంటే టేపు పట్టుకొని కొలతలు చెప్పరు, 'ఆది జాకెట్టు' ఒకటి సంచీలో వేసుకొని పోతారు, దీని ప్రకారం కుట్టు అంటారు అంతే. మా అమ్మ ఆది జాకెట్టు రంగు ఎప్పుడో వెలిసిపోయింది, వేసుకోదు గానీ ఎవరినీ పారేయనియ్యదు, బీరువాలో నగల డబ్బా పక్కనే ఉంటాది.

నాకు నలభై దాటినాక ఈ ఆది విలువ తెలిసింది, అదీ నిక్కర్ల వల్ల. ఇక్కడ డాలస్‌లో ఎండాకాలం షార్ట్స్ లేకుండా గడవదు, షాపులో కొందామంటే నడుం సరిపోయింది తొడల కాడ పట్టేస్తాది, తొడలకి సరిపోయింది నడుం కాడ జారుతాది. నాకు సరిగ్గా కుదిరింది ఒకే ఒక్కటి, పాతూర్లో ఒక టైలర్ ఎప్పుడో లుంగీ గుడ్డతో కుట్టిచ్చిన గళ్ళ నిక్కరు. అది కూచునే చోట చిరిగిపోయింది. పోయిన మే నెలలో ఊరికి పోయినప్పుడు, బయట నలభై డిగ్రీల పైనే, యాడికీ పోయే పని లేదు, బ్లేడు తీసుకొని దాని కుట్లన్నీ విప్పేసి ముక్కల్ని పాత పేపర్ మీద పెట్టి పాత కుట్టు గీత వెంబడే గీసుకున్నా, చుట్టూ అర ఇంచు కుట్టుకి వదిలి. అదే నా ఆది.

ముందు ముక్క, వెనక ముక్క ఒకటే అనుకుంటాం గదా, కాదు. వెనక ముక్క నడుం కాడ ఎత్తుగా ఉంటాది, సీటు వంపు కూడా బాగా లోపలికి పోతాది. లేకపోతే కింద బాసింపట్టు వేసుకొని అన్నానికి కూచున్నప్పుడు వెనక నుంచి కిందికి లాగేస్తాది, ఎవరూ చెప్పరు గానీ అందరికీ కనిపిస్తాది.

మొదటిది సర్వనాశనం. రెండు మీటర్ల కొత్త లుంగీ, మడత వేసి కత్తిరించాలని తెలీక విడివిడిగా కత్తిరిస్తే రెండు కాళ్ళూ కుడికాలికే వచ్చినాయి. రెండోది బాగానే వచ్చింది, ఒక్క ఉతుకుకి మోకాలి పైకి ఎక్కింది. అమ్మ మిషన్ పక్కనే కూచొని "కొత్త గుడ్డని రాత్రంతా నీళ్ళలో వేసి, ఆరినాక గదరా కత్తెర పెట్టేది" అనింది. ముందే చెప్పొచ్చు గదమ్మా అంటే "నువ్వు అడిగితే గదా" అనింది.

కుట్టేటప్పుడు ముందు ఒక్కో కాలు విడిగా గొట్టంలా కుట్టుకొని, ఒక కాలుని తిరగేసి ఇంకోదాని లోపల పెట్టి, మధ్య వంపు ఒకేసారి రెండు కుట్లు వేసేస్తా. నడుం కొలతలో రెండించులు తగ్గించి ఎలాస్టిక్ కత్తిరించి, లంగాకి నాడా ఎక్కించినట్టే పిన్నీసు గుచ్చి లాగుతా. అంతే, రెండు గంటల పని.

అప్పట్నుంచి పదకొండు కుట్టినా, అన్నీ అదే ఆదితో. మా ఫ్రెండ్ ఒకడు "ఎన్నాళ్ళు ఒకటే మోడల్, కొత్త ప్యాటర్న్ డౌన్‌లోడ్ చేసుకో" అంటాడు. వానికి అర్థం కానిది ఏమంటే, కొత్త ప్యాటర్న్ తీసుకున్న ప్రతిసారీ మళ్ళీ మొదటి నిక్కరే కుడతాం. నా పేపర్ మీద 'వెనక అర ఇంచు పెంచు', 'జేబు ఇంకా కిందికి' అని పెన్సిల్ రాతలే రాతలు. ఎమ్మిగనూరు దుప్పటితో కుడితే (1938 నుంచి చేనేత సొసైటీ ఉన్న ఊరు, గుడ్డ గట్టిది) మందం ఎక్కువై నడుం మడత తిరగలా, అదీ రాసుకున్నా. పదకొండోదానికి గానీ జేబు నా చేతికి సరిపోలేదు. పొదుపు అని మాత్రం చెప్పను, షాపులో ఇంతకంటే అగ్గువకే దొరుకుతాయి.

నేను మిషన్ తొక్కుతాంటే పక్కింటి పెద్దాయన కిటికీలో నుంచి చూసి "ఏమప్పా, అమెరికాలో ఉద్యోగం పోయిందా ఏమి?" అన్నాడు. నవ్వినా గానీ కోపం వచ్చింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే మగోళ్ళు ఎంతమంది, ధర్మవరంలో గుంతలో కాళ్ళు పెట్టి మగ్గం నేసే మగోళ్ళు ఎంతమంది, మన ఊర్లలో ప్యాంటు షర్టు కుట్టే టైలర్లంతా ఎవరు? కూలికి కుడితే మగోని పని, తన నిక్కరు తాను కుట్టుకుంటే ఆడోళ్ళ పనంట. ఇక్కడ డాలస్‌లో మన తెలుగోళ్ళ సంక్రాంతి ఫంక్షన్లో ముగ్గుల పోటీ పక్కన ఒక మిషన్ పెట్టండి, అమ్మలు కాదు, నాయనలు వచ్చి కూచోవాల, కమిటీ వాళ్ళు చదువుతాంటే ఇదే నా అర్జీ.

మా నాయన నిక్కరు వేసుకొని గేటు దాటడు ఇప్పటికీ. అయినా మొన్న ఫోన్లో మెల్లగా, అమ్మకి వినపడకుండా, తనకీ ఒకటి కుట్టమన్నాడు. ఆయన నడుం 38, నా ఆది పనికిరాదు, కొత్తది గీయాల. ఒకటే షరతు పెట్టినాడు, జేబు కుడిపక్క వద్దంట, ఎడమపక్కే కావాలంట, కళ్ళద్దాల డబ్బా పట్టేటంత లోతుగా.