భోజనం అయిందా?

పెళ్లికాని హైదరాబాదీల సంక్షేమం కోరి, నలభైకి రెండేళ్ల దూరంలో ఉన్న నేను సొంత ఖర్చుతో ఒక పరిశోధన చేశాను. ప్రభుత్వం కమిటీ వెయ్యలేదు, ఏ యూనివర్సిటీ పైసా ఇవ్వలేదు. డేటింగ్ యాప్‌లలో నిజంగా పనికొచ్చేవి ఏవి, కాలక్షేపానికి సరిపోయేవి ఏవి, జేబుకు చిల్లు పెట్టేవి ఏవి అన్నది తేల్చడం నా ఆశయం. మా అమ్మ దీన్ని పరిశోధన అనదు. ఆవిడ వాడే మాట ఇక్కడ రాయడం భావ్యం కాదు.

ముందు నా అర్హతలు చెప్పాలి. 2006 ప్రాంతంలో కోర్సు నేర్చుకోవడానికి అమీర్‌పేట వచ్చి, కోర్సు కన్నా నెట్ సెంటర్లోని యాహూ చాట్ రూముల్లో ఎక్కువసేపు గడిపినవాణ్ణి. రూములోకి అడుగుపెట్టగానే అడగాల్సినవి మూడక్షరాలు: ఏ, ఎస్, ఎల్. వయసెంత, ఆడా మగా, ఏ ఊరు. కులం, గోత్రం, జీతం అడక్కుండా మాట కలిపిన తరం మాది. నాతో మూడు వారాలు ప్రేమగా మాట్లాడిన వైజాగ్ అమ్మాయి చివరికి నా రూమ్మేటని తేలింది. నేను ఎంటర్ నొక్కినప్పుడల్లా పక్క ప్లైవుడ్ క్యాబిన్లోంచి కిసుక్కుమని నవ్వు వినిపించేది. 2012 డిసెంబర్‌లో యాహూ ఆ రూములు మూసేసినప్పుడు నాకన్నా వాడే ఎక్కువ బాధపడ్డాడు.

అదే ఏడాది అమెరికాలో టిండర్ మొదలైంది. కుడికి తోస్తే ఇష్టం, ఎడమకి తోస్తే సెలవు. మా తాతగారి కాలంలో పెళ్లిళ్ల పేరయ్య సంచిలో జాతకాలు, నోట్లో అబద్ధాలు మోసుకుంటూ కాలినడకన చేసిన పని ఇప్పుడు బొటనవేలు చేస్తోంది. కానీ ఇద్దరి లెక్కలూ ఒకటి కాదు. పేరయ్యకు తాళి పడితేనే డబ్బు. సంబంధం చెడితే దారి ఖర్చులు కూడా గిట్టవు. అందుకే వంద అబద్ధాలైనా ఆడి ముడి వేయించేవాడు. యాప్‌కు నెలనెలా చందా కట్టేది పెళ్లికాని మనిషి. ముడి పడిన మర్నాడు ఇద్దరు చందాదారులు ఒకేసారి పోతారు. ‘మమ్మల్ని డిలీట్ చేయడానికే తయారుచేశాం’ అని హింజ్ అనే యాప్ చెప్పుకుంటుంది. మంచి మాటే. అయితే హింజ్, టిండర్, ఓకేక్యుపిడ్ మూడూ మ్యాచ్ గ్రూప్ అనే ఒకే కంపెనీవి. ఆ సంగతి తెలిసిన రోజున, పాత పేరయ్యతో విసిగి కొత్త పేరయ్య ఇంటికి వెళ్తే తలుపు తీసింది పాతాయన భార్యేనన్నట్టు అనిపించింది.

ఓకేక్యుపిడ్‌ను 2004లో హార్వర్డ్‌లో లెక్కలు చదివినవాళ్లు పెట్టారు. అది అడిగే ప్రశ్నలకు నీ జవాబులు ఆమెకెంత నచ్చాయి, ఆమె జవాబులు నీకెంత నచ్చాయి, రెండూ గుణించి, వర్గమూలం తీసి శాతం చెప్పడం వాళ్ల పద్ధతి. మన పంతులుగారు 36 గుణాల్లో 18 కలిస్తే కానిమ్మంటారు. సగం మార్కులకే పాస్! ఏదో యాప్‌లో నాకు 91 శాతం కలిసిన అమ్మాయి నా ‘హాయ్’కి ఇంతవరకు జవాబివ్వలేదు. డిస్టింక్షన్‌లో ఫెయిలైనవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

దూరం సంగతి కూడా ఇంతే. ఆమె ఏడు కిలోమీటర్ల దూరంలో ఉందని యాప్ చెబుతుంది. అది అక్షరాలా కాకి లెక్క, అంటే కాకి ఎగిరే దారి లెక్క. కూకట్‌పల్లిలో ఉన్నవాడు శుక్రవారం సాయంత్రం వానలో గచ్చిబౌలికి బయల్దేరితే, ఆ ఏడు కిలోమీటర్లలో ఒక బంధం పుట్టి, పెరిగి, తెగిపోయేంత తీరిక ఉంటుంది. కిలోమీటర్లు మానేసి మెట్రో లైను అడగాలని నా సిఫారసు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న ఎర్ర లైనువాళ్లు, నాగోల్-రాయదుర్గం నీలం లైనువాళ్లను ప్రేమిస్తే అమీర్‌పేటలో దిగి మారాలి. ఆ త్యాగానికి సిద్ధమా కాదా అన్నది ప్రొఫైల్లోనే రాయాలి.

ఫొటోలూ అంతే. కేబుల్ బ్రిడ్జి మీద తీసుకోనివాడు లేడు. అనంతగిరి కొండల్లో పొగమంచు చూపించి మనాలి అనేవాళ్లకు లోటు లేదు. ఆరు నెలలు దాటిన ఫొటోలను చట్టప్రకారం రద్దు చెయ్యాలి. నాది 2016 నాటిది, కానీ అందులో జుట్టు బాగా వచ్చింది, అది వేరే విషయం.

అసలు సమస్య ఇంకా చెప్పనేలేదు. ఈ యాప్‌లు తయారుచేసినవాళ్ల భాషలో ‘యూ’ అనే ఒక్క మాటతో పని గడిచిపోతుంది. తెలుగువాడు మొదటి మెసేజ్‌లోనే నువ్వా, మీరా అన్నది తేల్చుకోవాలి. ‘ఏం చేస్తున్నావ్’ అంటే ముక్కూ మొహం తెలియనివాడికి ఇంత చనువేమిటని బ్లాక్ చేస్తారు. ‘ఏం చేస్తుంటారండీ’ అంటే బీమా ఏజెంట్ అనుకుని బ్లాక్ చేస్తారు. పోనీ ఇక్కడి అమ్మాయి కదా అని ‘ఏం జేస్తున్నవ్’ అని రాస్తే, గుంటూరువాడు వెక్కిరిస్తున్నాడనుకుంటుందేమోనని నాకు టెన్షన్. తెలుగువాళ్ల కోసమే ‘నీతో’ అని ఒక యాప్ వచ్చింది. పేరులోనే తీర్పు చెప్పేశారు. నిజమే, ‘మీతో’ అని పెట్టుంటే సహకార బ్యాంకుదనుకునేవాళ్లం. 2018 డిసెంబర్‌లో బంబుల్ యాప్ మన దేశానికి వచ్చినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. అప్పట్లో అందులో అమ్మాయే ముందు మాట్లాడాలి, అదీ 24 గంటల్లోపు. నువ్వో మీరో ఆమే తేలుస్తుంది కదా! తీరా చూస్తే అక్కడ అమ్మాయిలు పంపే మొదటి మాట ‘హే’.

పదేళ్ల సాధన తర్వాత నేను కనిపెట్టిన మార్గం ఇది: మనిషి లేని వాక్యం. ‘భోజనం అయిందా?’ ఎవరి భోజనం అని ఎవరూ అడగరు. ‘ఆఫీసు అయిపోయిందా?’ ‘అటువైపు వాన పడుతోందా?’ ‘నిద్ర వస్తోందా?’ ఆఖరికి ‘కోపం వచ్చిందా?’ కూడా. తెలుగులో ఆకలి, నిద్ర, కోపం, ప్రేమ అన్నీ వాటంతటవే వస్తాయి, మనిషి పూచీ ఏమీ ఉండదు. మొన్నీమధ్య ఒక అమ్మాయితో ఆరు వారాలు ఇలాగే మాట్లాడాను. ఆవిడ నాకన్నా ఘనాపాఠీ. ‘అయింది. అక్కడ?’ అని రాసేది. అక్కడ అంటే నేనే. మా అమ్మానాన్నలు నలభై ఏళ్లుగా ఇలాగే మాట్లాడుకుంటున్నారని నాకప్పుడు తట్టింది.

అన్నట్టు, పరిశోధకుడిగా హెచ్చరికలు చెప్పడం నా విధి. మొదటి రోజే ‘డియర్’ అని, మూడో రోజు క్రిప్టో లాభాలు చూపించేవాళ్లతో జాగ్రత్త. ముక్కూ మొహం తెలియకుండానే వీడియో కాల్ చేసి, దాన్ని రికార్డు చేసి బెదిరించేవాళ్లున్నారు. ఫలానా పబ్బుకే రమ్మని పట్టుబట్టి, బిల్లు వేలల్లోకి ఎక్కగానే మాయమయ్యేవాళ్లూ ఉన్నారు. అలాంటి ముఠానొకదాన్ని 2024లో ఇక్కడి పోలీసులు అరెస్టు చేశారు. డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. వాళ్లు ‘మీరు’ అనే అంటారు, అక్కడ అనుమానం అక్కర్లేదు.

సరే, ఆరు వారాల తర్వాత ఆదివారం నాలుగింటికి సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో కలవాలని తేలింది. ‘తేలింది’ అన్న మాట గమనించాలి, ఎవరూ ఎవరినీ పిలవలేదు. నేను ముందే వెళ్లి, ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు చెప్పి, ఎదుటి కుర్చీ మీద చెయ్యేసి కాపలా కాశాను. ఎవరైనా దాని వంక చూస్తే గుర్రుగా చూశాను.

నాలుగూ పదికి ఆమె వచ్చింది. ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. హోటలంతా కలియజూసి, సరాసరి నా టేబుల్ దగ్గరికే వచ్చింది. కూర్చో అనాలా, కూర్చోండి అనాలా అని నేనింకా నోట్లోనే నానబెడుతున్నాను.

“అన్నా, ఈ కుర్చీ ఖాళీయేనా?” అంది.

“ఖాళీయే” అన్నాను.

ఆమె ఆ కుర్చీ లాక్కుని వెళ్లి, కిటికీ పక్కన వేసుకుని కూర్చుని, ఫోన్ తీసింది. టేబుల్ మీద నా ఫోన్ మోగింది.

‘అక్కడ ఇంకా ట్రాఫిక్కేనా?’