రెండు బ్యాచ్‌లు కావలెను

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన దగ్గర్నుంచి తిరుపతి బైరాగిపట్టెడలో మా అక్కావాళ్లింటికి వచ్చిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. పెళ్లిచూపులకు కూడా అంతమంది రారు. అందరూ కాలేజీల పీఆర్వోలే. మా మేనల్లుడి ర్యాంకు చూసి సొంత తండ్రే రెండు రోజులు మాట్లాడలేదు. పీఆర్వోలు మాత్రం "బంగారంలాంటి ర్యాంకు సార్" అంటున్నారు. ఎదుటివాడిలో మంచిని చూడటం అంటే అదీ.

వాళ్లలో ఒకాయన తెచ్చిన సంబంధం మా బావకు నచ్చింది. కాలేజీ పాతదే, కోర్సు కొత్తది: ఏఐ అండ్ డేటా సైన్స్. కరపత్రం మీద ఎన్‌బీఏ అని వేలెడంత అక్షరాలు. కోర్సు నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ అది. సలహాకు నన్ను పిలిపించారు. నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి గ్యాస్ స్టవ్‌ల దుకాణం నడుపుకుంటున్నవాణ్ని గనక, ఈ విషయంలో ఇంట్లో నన్ను మించిన నిపుణుడు లేడు.

"ఈ ఎన్‌బీఏ ఏ బ్రాంచికండీ?" అనడిగాను.

పీఆర్వో గారు కాఫీ ఊదుకుంటూ, "మెకానికల్‌కుంది సార్" అన్నారు.

"మెకానికల్‌లో సీట్లున్నాయా?"

"కావాల్సినన్ని."

"ఏఐలో?"

"రెండే మిగిలినాయి. సాయంత్రానికి ఉండవు."

అంటే గుర్తింపున్న గదిలో పిల్లల్లేరు, పిల్లలున్న గదికి గుర్తింపు లేదు.

ఇందులో మోసమేమీ లేదు, అబద్ధమాడకూడదు. కోర్సు నడపడానికి ఏఐసీటీఈ అనుమతి ఉంది. అనంతపురం జేఎన్‌టీయూ అనుబంధం ఉంది. పట్టా ఇచ్చేది యూనివర్సిటీ, అది చెల్లుతుంది. కాకపోతే హోటల్ తెరవడానికి లైసెన్సు వేరు, అక్కడ తిన్నవాడు బాగుందనడం వేరు. నాణ్యత చూసేవాళ్లలో న్యాక్ వాళ్లు కాలేజీ మొత్తాన్ని చూస్తారు. ఎన్‌బీఏ వాళ్లు ఒక్కో బ్రాంచినీ విడిగా చూస్తారు. పక్కింటివాళ్లు కొండెక్కితే మన మొక్కు తీరనట్టే, మెకానికల్ గుర్తింపు ఏఐ వాడికి అక్కరకు రాదు.

"ఏఐకి ఎప్పుడొస్తాది?" అన్నాడు బావ.

"కొంచెం టైం పడుతుంది సార్" అన్నారాయన. ఆ కొంచెం ఎంతో నేను లెక్కగట్టాను. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించుకుని బయటికెళ్తేగానీ ఎన్‌బీఏ దరఖాస్తు తీసుకోదు. 2026లో చేరిన మొదటి బ్యాచ్ 2030లో బయటపడుతుంది, రెండోది 2031లో. ఆ తర్వాత దరఖాస్తు, నిపుణుల రాక, ల్యాబులకు సున్నం కొట్టడాలు.

"అట్లయితే మనోడు బయటికొచ్చినాక వస్తాదా గుర్తింపు?" అన్నాడు బావ. ఆయన కొడుకును అమెరికా పంపాలని వాడు ఎల్‌కేజీలో ఉన్నప్పట్నుంచీ అనుకుంటున్నాడు. ఒకరి ఇంజనీరింగ్ చదువును ఒకరు గుర్తించుకునే దేశాల వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో మన దేశం పూర్తి సభ్యత్వం తెచ్చుకుందనీ, ఎన్‌బీఏ గుర్తించిన కోర్సులకే అక్కడ మర్యాద అనీ, అదీ స్వయంప్రతిపత్తి ఉన్న మొదటి శ్రేణి కాలేజీలకేననీ చెప్పబోయి, ఆయన బీపీ గుర్తొచ్చి ఊరుకున్నాను.

అసలు సంగతి ఇంకొకటుంది. ఎన్‌బీఏ వాళ్లు మార్కులు వేసేటప్పుడు పిల్లల చదువు కూడా చూస్తారు. ఎంతమంది బ్యాక్‌లాగులు లేకుండా గట్టెక్కారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పై చదువులకెళ్లారు అని. అంటే మా మేనల్లుడు గణితంలో తప్పితే కాలేజీకి మార్కులు తగ్గుతాయి. వాడు నాలుగేళ్లు కూర్చుని రాసేది కాలేజీ పరీక్ష. పరీక్ష ఫీజు మాత్రం మా బావ కడతాడు.

అందుకని ప్రభుత్వం వారికి నాదొక ప్రతిపాదన. మొదటి రెండు బ్యాచ్‌ల వాళ్లను విద్యార్థులని పిలవడం మానాలి, దాతలనాలి. తిరుమలలో శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలిస్తే బ్రేక్ దర్శనం దొరుకుతోంది. నాలుగేళ్లు ఫీజు కట్టి కాలేజీకి గుర్తింపు తెచ్చిపెట్టినవాడికి సత్రాల్లో దాతలకు వేసినట్టు కనీసం ఒక చలవరాయి మీద పేరైనా చెక్కించాలి. క్యాంటీన్ గోడకైనా సరే.

ఇదంతా విన్న పీఆర్వో గారు ఏమాత్రం చలించలేదు. "మన తిరుపతి ఐఐటీ కూడా 2015లో తాత్కాలిక క్యాంపస్‌లోనే మొదలైంది గదా సార్. సొంత క్యాంపస్ కట్టాల్సిన ఏర్పేడులో అప్పుడు ఏముందని చేరారు?" అన్నారు. మంచి ప్రశ్నే. అయితే ఆ క్యాంపస్ వెనక కేంద్ర ప్రభుత్వముంది. ఈ కాలేజీ వెనక, నేను స్వయంగా చూశాను, మామిడితోపుంది.

బావకు ఇంకా ఆశ చావలేదు. "గుర్తింపు కచ్చితంగా వస్తాదని కాణిపాకంలో ప్రమాణం చేస్తారా?" అన్నాడు. మా వైపు ఇంతకు మించిన కోర్టు లేదు. కోనేట్లో మునిగి వినాయకుడి ముందు అబద్ధమాడే ధైర్యం రాజకీయ నాయకులకే ఉండదు.

పీఆర్వో గారు కాసేపు ఆలోచించి, "ఆ రూట్లో మా కాలేజీ బస్సు లేదు సార్" అన్నారు.

అంతలో మా చిన్న మేనల్లుడు ట్యూషన్ నుంచి వచ్చి సైకిల్ స్టాండ్ వేశాడు. ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయింది, ఎంపీసీ. పీఆర్వో గారి కళ్లు మెరిశాయి. "వచ్చే ఏడు తమ్ముణ్ణి కూడా మాకే ఇవ్వండి సార్. రెండు బ్యాచ్‌లూ మీ ఇంటి నుంచే అయినట్టుంటుంది. ఫీజు సంగతి నేను మేనేజ్‌మెంటుతో మాట్లాడతా."

బావ వేళ్లు మడిచి రాయితీ లెక్కపెట్టుకుంటున్నాడు. వంటింట్లోంచి మా అక్క అంది: "నాకు మూడోవాడు పుట్టలేదే నాయనా. పుట్టుంటే వాడికన్నా గుర్తింపున్న పట్టా దొరికేది."