వారంటీ కంపెనీది, పెట్టుబడి దుకాణానిది

అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఆటవస్తువుల దుకాణం పెట్టుకున్న మిత్రుడి దగ్గర మొన్న ఆదివారం కూర్చున్నప్పుడు, ఒక కుర్రాడు ఫ్రేము చీలిన బ్యాడ్మింటన్ రాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "కొని రెండు నెలలే కదన్నా, మార్చివ్వు" అన్నాడు. చీలిక పక్కనే గోరంత మేర పెయింట్ లేచిపోయింది. డబుల్స్‌లో జోడీ రాకెట్ తగిలి విరిగిందా, తయారీలోనే లోపముందా అని తేల్చాల్సింది కంపెనీ; అప్పటిదాకా కొనుగోలుదారుకు ముఖం చూపించాల్సింది దుకాణదారు.

పైగా, గట్టింగ్, అంటే రాకెట్ తీగలు, ఎన్ని పౌండ్ల బిగువుకు లాగారన్నది కంపెనీ వేసే మొదటి ప్రశ్న. ఆ గట్టింగ్ చేసింది చాలాసార్లు ఆ దుకాణమే కాబట్టి, రాకెట్ మీద ముద్రించిన పరిమితి దాటలేదని నిరూపించే భారమూ అతడి మీదే పడుతుంది.

నాలుగు వేల రాకెట్ మీద నాలుగు వందలు మిగులుతాయనుకుందాం. మాట పోకూడదని కొత్తది ఇచ్చేశాక కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే, పోయిన 3,600 రాబట్టడానికి మరో తొమ్మిది రాకెట్లు అమ్మాలి. క్లెయిమ్ ఒప్పుకున్నా, భర్తీ వచ్చేదాకా ఆ సొమ్ము ఇరుక్కుపోయినట్టే. పెద్ద చెయిన్ స్టోర్లు దీన్ని తట్టుకుంటాయి. నెలవారీ అద్దె కట్టుకునే చిన్న దుకాణానికి అది సాధ్యం కాదు.

భర్తీలో ఆలస్యానికి కంపెనీలు పన్నును సాకుగా చూపే వీలు కూడా ఇప్పుడు లేదు. 2023 జులై 17 నాటి జీఎస్టీ సర్క్యులర్ వారంటీ కింద మార్చే విడిభాగాల గురించే చెప్పగా, 2024 జూన్ 26 నాటిది దాన్ని మొత్తం వస్తువుకు విస్తరించింది. డిస్ట్రిబ్యూటరు తన సరుకులోంచి ముందుగా మార్చి ఇచ్చాక కంపెనీ ఉచితంగా భర్తీ చేస్తే, ఆ భర్తీపై జీఎస్టీ ఉండదని స్పష్టం చేసింది.

దుకాణదారుల వైపు కూడా ఒక పొరపాటు ఉంది. బేరం తెగడానికి "నాదీ గ్యారంటీ" అనేస్తారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 86వ సెక్షన్ ప్రకారం, తయారీదారు హామీతో సంబంధం లేకుండా అమ్మకందారు సొంతంగా హామీ ఇచ్చి, వస్తువు దానికి తగ్గట్టు లేక హాని జరిగితే, బాధ్యత అతడికీ చుట్టుకుంటుంది.

క్లెయిమ్‌ను ఎన్ని రోజుల్లో తేలుస్తారో కంపెనీలు డీలరు ఒప్పందంలోనే రాసివ్వాలి, గడువు దాటితే భర్తీ పంపాలి. ఆ నిబంధన కోసం దుకాణదారులు విడివిడిగా కాక కలిసి పట్టుబట్టాలి. ఈలోగా గట్టింగ్ టెన్షన్‌ను బిల్లు మీద రాసి కొనుగోలుదారు సంతకం తీసుకోవడం, పాత రాకెట్‌ను లోపలికి తీసుకునే ముందే చీలికను ఫొటో తీసి పెట్టుకోవడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.