వేలిముద్రల యంత్రం గారికి, ఒక బతికున్న మనిషి కొడుకు రాయునది

మహారాజశ్రీ వేలిముద్రల యంత్రం గారి దివ్యసముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ మా నాన్న క్షేమంగా ఉన్నారు. మీరు ఒప్పుకోరు గానీ, ఉన్నారు. పొద్దున నాలుగు ఇడ్లీలు తిని, చట్నీలో ఉప్పు తక్కువైందని మా అమ్మను అరగంట సాధించారు కూడా. పోయినవాళ్లు అంత పని చెయ్యరని నా నమ్మకం.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మీ దర్శనానికి వచ్చింది మేమే. మీకు గుర్తుండదులెండి, గుర్తుపట్టడంలో మీ ప్రతిభ ఆ రోజే చూశాం. నవంబరు కదా, పింఛనుదార్లంతా బ్యాంకు వరసలో నిలబడి 'నేనింకా చావలేదు మహాప్రభో' అని చెప్పుకుని, బతికున్నట్టు సర్టిఫికెట్ ఇచ్చుకోవాల్సిన నెల. మాది టోకెన్ 47. పిలుస్తున్నది 12. మధ్యలో భోజనాల విరామం, అది కాగానే సర్వర్ గారి విరామం. గొలుసేసి కట్టిన పెన్ను రాయలేదు. రాయని పెన్నును ఎవరెత్తుకుపోతారని కట్టారో! పోనీండి, వాటినేమీ అనను. బ్యాంకంటే అంతేనని చిన్నప్పుడే అలవాటైపోయింది.

నా గొడవంతా మీతోనే.

చూడ్డానికి సబ్బుబిళ్లంత ఉంటారు. లోపల ఒక దీపం. నాన్న కుడి బొటనవేలు పెట్టారు. వెలిగారు, ఆలోచించారు, కాదన్నారు. చూపుడువేలు పెట్టారు. కాదు. కౌంటర్లో అమ్మాయి తడిగుడ్డతో తుడవమంది. తుడిస్తే తడి ఎక్కువైందట. ఆరబెడితే పొడిబారిందట. వెనక నిలబడ్డ పెద్దాయన చొక్కా జేబులోంచి కొబ్బరినూనె సీసా తీశాడు. అనుభవజ్ఞుడు, పోయినేడాది మీ దగ్గర మూడుసార్లు చచ్చి బతికాడట. ఇంకొకావిడ వేలు నెత్తికి రుద్దుకోమంది, ఆ జిడ్డుకు మీరు లొంగుతారని రేషన్ షాపులో నేర్చుకున్నదట. మా నాన్నది బట్టతల. అయినా రుద్దుకున్నారు.

పది వేళ్లూ అయ్యాయి. తెరమీద 300 అని ఒక నంబరు పడింది. అంటే వేలిముద్ర సరిపోలలేదని అర్థమట.

ఆ అమ్మాయికి నాన్న కొత్తేమీ కాదు. 'బాబాయిగారూ, మోకాలు నొప్పి తగ్గిందా' అని అడిగే చనువుంది. అలాంటిది, ఆయన మొహంలోకి చూస్తూ, ఆయనతోనే, "మీరు మీరేనని సిస్టమ్ ఒప్పుకోవట్లేదు బాబాయిగారూ" అంది. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? కాగితం మీద రాయించుకునే పాతదారి ఇంకా ఉంది. సంతకం పెట్టాల్సినాయన మీటింగులో ఉన్నారు. బ్యాంకు మూసేదాకా ఆ మీటింగు అవ్వలేదు.

ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లా లాల్ బిహారీ సంగతి పేపర్లో చదివి ఒకప్పుడు తెగ నవ్వుకున్నాను. బంధువులు భూమి కోసం రికార్డుల్లో ఆయన్ని చంపేస్తే, పేరు చివర 'మృతక్' అని తగిలించుకుని, ఎన్నికల్లో నిలబడి, తనలాంటి వాళ్లందరితో ఒక సంఘం పెట్టి, చివరికి 1994లో కాగితాల మీద బతికాడు. 2003లో, నోబెల్‌ను వెక్కిరిస్తూ ఇచ్చే ఇగ్ నోబెల్ శాంతి బహుమతి కూడా ఇచ్చారు. ఆయన్ని చంపడానికి కనీసం లంచం తినే గుమస్తా ఒకడు కావాల్సి వచ్చింది. మీరు ఉచితంగానే చేసిపెడుతున్నారు.

అన్నట్టు, మీరు పనికిరాకపోతే ముఖం చూపించే ఏర్పాటు కూడా 2021లో తెచ్చారు కదా, అదీ ప్రయత్నించాం. ఇంటికొచ్చి ఫోను ఎదురుగా పెడితే రెప్ప ఆర్పమంది. ఆర్పారు. మళ్లీ ఆర్పమంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిన 78 ఏళ్ల మనిషి ఫోనుకు అదేపనిగా కన్ను కొడుతుంటే మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాన్న కూడా నవ్వారు. నాకు మాత్రం రాలేదు.

మీకు తెలియని సంగతొకటి చెప్పాలి. మా నాన్న పోస్ట్‌మ్యాన్. 2007లో రిటైరయ్యేదాకా సైకిలు మీద మనియార్డర్లు పంచారు. కొడుకులు పంపిన డబ్బులు తీసుకోవాల్సిన ముసలమ్మలుంటే అరుగుమీద కూర్చుని, ఇంకుప్యాడు తీసి, వాళ్ల బొటనవేలు తనే పట్టుకుని ఫారం మీద అద్దించేవారు. సెలవుల్లో సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని నేనూ వెళ్లేవాణ్ణి. ఆ వేళ్లకు మాత్రం గీతలెక్కడివి? మిరపకాయలు కోసి, పొగాకు గుచ్చి నున్నగా అరిగిపోయిన వేళ్లు. కాగితం మీద ఒక నల్లటి మచ్చ పడేది, అంతే. ఆ మచ్చ పక్కన ఒక సాక్షి సంతకం చేసేవాడు. ఈమె ఫలానా, నాకు తెలుసు అని. ముసలమ్మ వేలికంటిన సిరా జుట్టుకు తుడుచుకుని, నోట్లు నాన్న చేతే రెండుసార్లు లెక్కపెట్టించుకుని, మజ్జిగ తాగి వెళ్లమనేది.

మీకు సాక్షి అక్కర్లేదట. అదే మీ గొప్పతనమట.

పోయినేడాది ఆరోసారికి ఒప్పుకున్నారు, ఈసారి అదీ లేదు. వయసు మీదపడితే చర్మంలో తేమ తగ్గుతుంది, గీతలు చదునవుతాయి, కాయకష్టం చేసిన చేతులైతే ఇంకా ముందే అరుగుతాయి. మిమ్మల్ని తయారుచేసినవాళ్లకు ఇది తెలీదా? ముసలివాళ్ల కోసం పెట్టిన తాళానికి, ముసలితనంలో అరిగిపోయేదాన్నే చెవిగా పెట్టారు చూడండి, ఆ బుర్రకు దండం పెట్టాలి.

ఆటోలో తిరిగొస్తుంటే నాన్న బొటనవేలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసుకుంటూ, "తప్పు నాదేలేరా, వేలు అరిగిపోయింది" అన్నారు.

ఇక 'మీరు' అనడం నావల్ల కాదు. తప్పు నీది. 36 ఏళ్లు ఊరూరా తిరిగి, ఎవరు ఎవరో తన నోటితో చెప్పిన మనిషి చేత, తను తనేనని చెప్పుకోలేక సంజాయిషీ ఇప్పించావు. నీ దీపం మాడిపోను. నీ తీగ ఎలుకలు కొరకను.

నిన్న పొద్దున మా వీధి పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. ఇప్పుడు ఆ సర్టిఫికెట్ వాళ్లే ఇంటికొచ్చి తీస్తారు, 70 రూపాయలు. కుర్రాడు, పాతికేళ్లుంటాయి. సంచిలోంచి నీ తమ్ముణ్ణి తీశాడు. నాకు గుండె గుభేలుమంది. కానీ ఆ కుర్రాడు కుర్చీలో కూర్చోలేదు. నాన్న పక్కన అరుగుమీద చతికిలబడి, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఒక్కో వేలూ మెల్లగా తిప్పి తిప్పి పెట్టాడు. ఎడమచేతి ఉంగరపువేలు దగ్గర ఒప్పుకుంది. ఫోను టింగుమంది. నాన్న ఇంకో ఏడాది బతికారు.

నాన్న ఆ వేలు బట్టతలకు తుడుచుకున్నారు. సిరా లేదు, జుట్టూ లేదు. తర్వాత లోపలికి కేకేశారు.

"ఏమేవ్, పోస్ట్‌మ్యాన్ గారికి మజ్జిగ."